యువతలో మలబద్ధకం, పొత్తికడుపు ఇబ్బంది

4.1 పరిచయం

గత భాగంలో జీర్ణవ్యవస్థ అవయవాల గురించి చదివారు. ఈ భాగంలో మలబద్ధకం ఎందుకు వస్తుందో, దానితో పొత్తికడుపులో ఇబ్బంది ఎందుకు కలుగుతుందో, ఎప్పుడు వైద్యుడిని సంప్రదించాలో తెలుసుకుంటారు. బిడియం వల్ల చాలామంది యువతీయువకులు పైకి చెప్పుకోని సమస్య ఇది.

4.2 మలబద్ధకం అంటే ఏమిటి?

రోజూ మలవిసర్జన కాకపోతే మలబద్ధకమేనని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. రోజుకు మూడుసార్లు మొదలుకొని వారానికి మూడుసార్ల వరకు సాధారణమే. వారానికి మూడుసార్లకంటే తక్కువ కావడం, మలం గట్టి ఉండలుగా రావడం, బాగా ముక్కవలసి రావడం, వెళ్లివచ్చాక కూడా పూర్తి కాలేదనిపించడం మలబద్ధకం లక్షణాలు.

4.3 కారణాలు

ఆహారంలో జీర్ణం కాని భాగం పెద్దప్రేగులోకి ద్రవంగా చేరుతుంది. పెద్దప్రేగు అందులోని నీటిని పీల్చుకుంటుంది. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంత గట్టిపడుతుంది. నిలిచిన మలం, గ్యాస్ ప్రేగు గోడను సాగదీస్తాయి. అందువల్ల పొత్తికడుపులో, తరచుగా ఎడమవైపు, బరువు, ఉబ్బరం, మెలిపెట్టినట్లు నొప్పి కలుగుతాయి.

పీచు తక్కువగా ఉండే పాలిష్ బియ్యం, మైదా వంటకాలు ఎక్కువగా తినడం, గంటల తరబడి కూర్చోవడం ముఖ్య కారణాలు. ఐరన్ మాత్రలు, కొన్ని యాంటాసిడ్లు, థైరాయిడ్ లోపం కూడా కారణం కావచ్చు. ఐరన్ మాత్రలను మీ అంతట మీరు మానకండి, వైద్యుడికి చెప్పండి.

మరొక కారణం ఆపుకోవడం. హాస్టల్లో మరుగుదొడ్ల ముందు వరుస, పనిచేసే చోట శుభ్రత లేకపోవడం, బస్సు ప్రయాణాలు ఇందుకు దారితీస్తాయి. స్త్రీలు కొందరు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. పదేపదే ఆపుకుంటే పురీషనాళం సాగి, మలవిసర్జన కావాలనే సంకేతం మొద్దుబారుతుంది. కాబట్టి శుభ్రమైన మరుగుదొడ్డి సౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్య అవసరం కూడా.

4.4 ఇంటి వద్ద పాటించవలసినవి

1. పీచు: పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. జొన్నరొట్టె, రాగి సంకటి, పెసలు, శనగలు, గోరుచిక్కుడు, తోటకూర, జామపండు ఇందుకు తోడ్పడతాయి. పీచును కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది.

2. నీరు: నీళ్లు చాలినంతగా తాగండి. ఇసబ్‌గోల్ వాడితే నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి.

3. సమయం: ఆహారం కడుపులో పడగానే పెద్దప్రేగు కదలికలు పెరుగుతాయి. అందుకే ఉదయం టిఫిన్ తర్వాత ఐదు పది నిమిషాలు కేటాయించండి. ఫోన్ బయటే ఉంచండి.

4. భంగిమ: గొంతుకూర్చుంటే మలమార్గం సూటిగా అవుతుంది. కమోడ్ వాడేవారు కాళ్లకింద చిన్న పీట వేసుకోవచ్చు.

5. నడక: రోజూ అరగంట నడవండి.

4.5 హెచ్చరిక సంకేతాలు

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, కొత్తగా మొదలై కొన్ని వారాలైనా తగ్గని మలబద్ధకం ఉంటే వైద్యుడిని కలవండి. వాంతులతోపాటు పొట్ట ఉబ్బి, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బొడ్డు దగ్గర మొదలై కుడివైపు పొత్తికడుపులోకి దిగే నొప్పి, వాడుకలో "24 గంటల నొప్పి" అనే అపెండిసైటిస్ కావచ్చు. అప్పుడు విరేచనాల మందు వేసుకోవడం ప్రమాదకరం. నెలసరి తప్పిన స్త్రీకి తీవ్రమైన పొత్తికడుపు నొప్పి వస్తే, అది గర్భాశయం వెలుపల నిలిచిన గర్భం కావచ్చు. ఇదీ అత్యవసర స్థితే.

4.6 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మలం పెద్దప్రేగులో ఎక్కువసేపు నిలిస్తే ఎందుకు గట్టిపడుతుంది?
2. కడుపునొప్పికి కారణం తెలియకుండా విరేచనాల మందు ఎందుకు వాడకూడదు?
3. మీరు చదివే లేదా పనిచేసే చోట మరుగుదొడ్డి సౌకర్యాలను పరిశీలించి ఐదు వాక్యాలు రాయండి.