పెట్రోల్ పన్ను, ‘పాపపు పన్ను’: భారం ఎవరి మీద? న్యాయం ఎంత?

‘ఇన్‌కమ్ టాక్స్ కట్టేది కొందరే, మిగతావాళ్లంతా వాళ్ల సొమ్ము మీద బతుకుతున్నారు’ అనే మాట తరచూ వినిపిస్తుంటుంది. కానీ 2025లో హైదరాబాద్‌లో ఏ బంకులోనైనా వంద రూపాయల పెట్రోల్ పోయించుకున్న కుర్రాడు అక్కడికక్కడే దాదాపు 46 రూపాయలు పన్ను కట్టేసినట్టే. దానికి రిటర్న్ లేదు, రీఫండ్ లేదు. చేతికిచ్చే రసీదులో ఆ లెక్క కూడా కనిపించదు. బీడీ కట్ట కొన్నా, మద్యం సీసా కొన్నా ఇదే కథ.

ఈ పన్నులు ఎలా పడుతున్నాయి? ఎవరికి ఎక్కువ తగులుతున్నాయి? సర్కార్లు చెప్పే కారణాల్లో నిజమెంత? ఒక్కొక్కటిగా చూద్దాం.

లీటరు పెట్రోల్‌లో ఏముంది?

2025 ఏప్రిల్‌లో కేంద్రం లీటరుకు 2 రూపాయలు పెంచాక పెట్రోల్ మీద ఎక్సైజ్ సుంకం 21.90 రూపాయలైంది. దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో పెట్రోల్‌పై వ్యాట్ 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ వ్యాట్ ఎక్సైజ్ సుంకం కలిపిన ధర మీద పడుతుంది. అంటే పన్ను మీద పన్ను అన్నమాట. అప్పట్లో హైదరాబాద్‌లో లీటరు ధర 107 రూపాయల పైచిలుకు. అందులో వ్యాట్ సుమారు 28, ఎక్సైజ్ దాదాపు 22. రెండూ కలిపితే 50 రూపాయలకు దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌పై 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్.

వ్యాట్ శాతం లెక్కన ఉంటుంది కాబట్టి ముడిచమురు ధర పెరిగితే రాష్ట్రం ఆదాయం దానంతట అదే పెరుగుతుంది. కేంద్రం దారి వేరు. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతా చమురు ధరలు పడిపోయాయి. ఆ లాభం జనం దాకా రాలేదు. మార్చిలో 3 రూపాయలు, మేలో ఏకంగా 10 రూపాయలు పెంచడంతో పెట్రోల్‌పై ఎక్సైజ్ 32.98 రూపాయలకు చేరింది. 2014లో అది 9.48 రూపాయలే. ఆ తర్వాత 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించారు.

మరో కిటుకు కూడా ఉంది. కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అయితే సెస్‌లు, ప్రత్యేక సుంకాలు ఆ పంపకంలోకి రావు. 2025లో పెట్రోల్‌పై వసూలు చేసిన 21.90 రూపాయల్లో పంపకానికి వచ్చిన మూల సుంకం 1.40 రూపాయలు మాత్రమే. రాష్ట్రాలు వ్యాట్ తగ్గించడానికి ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. ‘మీరు తగ్గించండి’ అంటే ‘ముందు మీరు తగ్గించండి’ అనుకుంటూ ఇద్దరూ కాలం గడుపుతున్నారు. మధ్యలో బండివాడు నలుగుతున్నాడు.

ఒకే పన్ను, ఇద్దరికి రెండు బరువులు

ఒక చిన్న లెక్క వేద్దాం. నెలకు 20 వేలు సంపాదించే డెలివరీ కుర్రాడు రోజుకు రెండు లీటర్ల చొప్పున 26 రోజులు బండి నడిపాడనుకుందాం. మొత్తం 52 లీటర్లు. 2025 నాటి రేట్ల లెక్కన అందులో పన్ను సుమారు 2,600 రూపాయలు. అంటే అతని సంపాదనలో 13 శాతం. నెలకు లక్షన్నర జీతం ఉన్న ఉద్యోగి కారులో అవే 52 లీటర్లు పోయించినా కట్టేది అదే 2,600. అది అతని జీతంలో రెండు శాతం కూడా కాదు.

పైగా ఆ ఉద్యోగికి పెట్రోల్ అంటే సౌకర్యం. ఈ కుర్రాడికి అది పనిముట్టు. బండి ఆపితే ఆ రోజు ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం పడుతుంది.

బండే లేని ఇంటికీ ఈ పన్ను తప్పదు. మదనపల్లె టమాటా హైదరాబాద్‌కు వచ్చేది డీజిల్ లారీలోనే. పెట్రోల్, డీజిల్ జీఎస్టీలో లేవు కాబట్టి వాటిపై కట్టిన పన్నుకు వ్యాపారులకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఆ ఖర్చు సరుకు ధరలో కలుస్తుంది. చివరికి దాన్ని మోసేది సంచి పట్టుకుని మార్కెట్‌కు వెళ్లిన ఇల్లాలు.

మరి పన్ను ఎత్తేస్తే సరిపోతుందా?

అంత సులువు కాదు. ఇంధన పన్నును సమర్థించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. బండి పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ ఖర్చు బండి యజమాని కట్టడు. అలాంటి నష్టాన్ని పన్ను రూపంలో ధరలోకి తేవాలని ఇంగ్లండ్ ఆర్థికవేత్త పిగూ 1920లోనే వాదించారు. ఇంకో సంగతి. పన్నును అందరికీ ఒకేలా తగ్గిస్తే, రూపాయల్లో ఎక్కువ మిగిలేది రెండు మూడు కార్లున్న ఇంటికే.

అయితే పొగ కోసమే పన్ను అయితే, ఆ డబ్బుతో పొగ తగ్గే దారి పేదవాడికి చూపించాలి కదా? తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. మంచిదే. కానీ కొత్త బండికి డబ్బున్నవాడికే ఆ మేలు. పాత బండి మీద కిస్తీలు కడుతున్నవాడు పెట్రోల్ పన్ను కడుతూనే ఉంటాడు. ఆ రకంగా చూస్తే 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు మేలు. బస్తీ నుంచి పనికి వెళ్లే మహిళకు అది నేరుగా అందుతోంది. అదే బస్సు సమయానికి రావాలి, గల్లీ దగ్గరి స్టాపు దాకా రావాలి.

‘పాపపు పన్ను’ సంగతి

పొగాకు, మద్యం లాంటి వాటిపై వేసే అధిక పన్నును ‘సిన్ టాక్స్’ అంటారు. ధర పెరిగితే అలవాటు తగ్గుతుందన్నది లెక్క. పొగాకు విషయంలో ఇది చాలా వరకు నిజమే, ముఖ్యంగా చేతిలో డబ్బు తక్కువగా ఉండే కుర్రాళ్ల విషయంలో. చిల్లర ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు.

మన దగ్గర ఈ తర్కం బీడీ దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. 2016-17 గాట్స్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవారు 4 శాతమైతే బీడీ తాగేవారు 7.7 శాతం. అయినా 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్‌ను 40 శాతం శ్లాబులోకి పంపాలని, బీడీపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

దీనికి కారణం నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలోకి తొంగిచూస్తే తెలుస్తుంది. అక్కడ వేలాది మహిళలు, వారిలో ముస్లిం మహిళలు కూడా, చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. పన్ను పెంచితే వాళ్ల పని పోతుందన్న భయం. పెంచకపోతే బీడీ చవకగా దొరికి పేదవాడి ఊపిరే పోతుంది. ఆ పొగాకు దుమ్ము పీల్చేదీ చుట్టే ఆ తల్లులే. కాబట్టి బీడీపై పన్ను తగ్గించడాన్ని కార్మికులకు న్యాయం అనలేం. పన్ను వేసి, ఆ డబ్బుతో వాళ్లకు వేరే పని, వైద్యం, పెన్షన్ చూపిస్తేనే అది న్యాయం.

మద్యం: మాన్పించాలా, అమ్మాలా?

మద్యం విషయంలో సర్కారు ఇంకా పెద్ద ఇరకాటంలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై లేచారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఖజానా తట్టుకోలేక రెండేళ్లకే, 1997లో నిషేధాన్ని సడలించారు. ఇక 2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపుల కోసం వచ్చిన దరఖాస్తుల ఫీజుల ద్వారానే సర్కారుకు 2,600 కోట్ల రూపాయలకు పైగా అందాయి. ఇంత ఆదాయం ఇచ్చే అలవాటును సర్కారు నిజంగా మాన్పిస్తుందా అన్న అనుమానం రావడంలో తప్పేముంది?

ధర మరీ పెంచినా చిక్కే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మేలో మద్యం ధరలు 75 శాతం పెంచారు. అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. బానిసైనవాడు ధర చూసి ఆగడు. ఇంట్లో బియ్యం డబ్బులు తీసుకెళ్తాడు, లేదా అంతకంటే చవకైన విషం వెతుక్కుంటాడు. అంటే ‘పాపం’ చేసేది ఒకరు, పన్ను కట్టేది భార్యాపిల్లలు. అలాంటి ఇంటికి పన్నుతో పాటు డీఅడిక్షన్ సెంటర్ కూడా కావాలి.

న్యాయమైన పన్నుకు కొలత ఏంటి?

పన్ను న్యాయమో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. కట్టేవాడి స్తోమతను చూస్తోందా? చెప్పిన కారణానికే ఆ డబ్బు ఖర్చవుతోందా? అలవాటు మార్చుకోవాలనుకునేవాడికి వేరే దారి ఉందా?

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించుకునే వీలు కల్పించారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే పెట్రోల్ మీద రికార్డు స్థాయిలో సుంకం వేశారు. స్తోమత ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. పెట్రోల్‌ను జీఎస్టీలోకి తేవాలన్న డిమాండ్‌ను 2021 సెప్టెంబరులో లక్నో సమావేశం ‘ఇది సమయం కాదు’ అంటూ పక్కన పెట్టింది. కేంద్రానికీ రాష్ట్రాలకూ ఆదాయం పోతుందన్న భయమే అడ్డు.

ఈ నెల ఇంట్లో ఎన్ని లీటర్లు పోయించారో ఒక కాగితం మీద రాసి లీటరుకు పడే పన్నుతో గుణిస్తే, ఆ కుటుంబం కట్టిన పన్ను దాదాపుగా తేలుతుంది. రేపు ఓటు అడగడానికి వచ్చే నాయకుడి ముందు ఆ కాగితం పెట్టొచ్చు. ‘మేం పన్ను కట్టడం లేదు’ అనే మాటకు అదే జవాబు. ‘మరి మా గల్లీకి బస్సు ఏది, బస్తీకి దవాఖానా ఏది’ అని అడిగే హక్కు కూడా అందులోనే ఉంది.