మలుపు తిరిగాక లోపలికి పోయే పెడల్

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు బ్రేకు సంగతి ఎవరికీ గుర్తుండదు. దాదాపు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడే దాని అసలు పరీక్ష. ఆ మలుపుల్లో కొన్ని కార్లకు ఒక వింత లక్షణం కనిపిస్తుంది. తిన్నని రోడ్డులో బ్రేకు బాగానే పడుతుంది. మలుపు తిరిగిన వెంటనే తొక్కితే మాత్రం పెడల్ లోపలికి పోతుంది. రెండోసారి తొక్కితే మళ్లీ మామూలే.

దీని గుట్టు డిస్కు బ్రేకు నిర్మాణంలోనే ఉంది. 1902లో ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు పొందాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు డిస్కును పట్టుకుంటే భరించలేని కీచుమోత వచ్చేది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. కడ్డీలు, తీగలు చేసే పని గొట్టంలోని ద్రవం అందుకుంది. 1953లో డిస్కు బ్రేకుల జాగ్వార్ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. వేడికి డ్రమ్ములు పట్టు తప్పే చోట, గాలి తగిలి చల్లారే డిస్కులు నిలబడ్డాయి. ఘాట్ దిగేవాళ్లకు ఆ గెలుపు విలువ బాగా తెలుస్తుంది.

డ్రమ్ము బ్రేకులో లైనర్లను స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. డిస్కు బ్రేకులో ఆ పని పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలుదే. కాలు తీయగానే అది పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. ప్యాడ్లు డిస్కును దాదాపు ఆనుకునే ఉంటాయి. డిస్కు బ్రేకు బలం అదే, ఇబ్బంది కూడా అక్కడే.

మలుపులో రోడ్డు టైరును అడుగున పక్కకు నెడుతుంది. వీల్ బేరింగు అరిగి ఉంటే చక్రంతోపాటు డిస్కూ ఒరిగి, ప్యాడ్‌ను, దాని వెనకున్న పిస్టన్‌ను లోపలికి తోసేస్తుంది. 54 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ అర మిల్లీమీటరు వెనక్కి పోయిందనుకోండి. పెడల్ తోసే 20 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఆ ఖాళీని పూడ్చాలంటే 3.6 మిల్లీమీటర్లు కదలాలి. పెడల్ దగ్గర అది నాలుగింతలై, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లవుతుంది. ఆ ఖాళీ పూడాకే బ్రేకు పడుతుంది.

పెడల్ లోపలికి పోతోందనగానే ఎయిర్ పట్టిందనుకుని బ్లీడింగ్ చేయించడం పొరపాటు. ఎయిర్ పడితే, పాత బ్రేక్ ఆయిల్ మరిగితే తిన్నని రోడ్డులోనూ పెడల్ మెత్తగానే ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పీల్చాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. మలుపులో మాత్రమే బ్రేకు హెచ్చరిక లైటు వెలిగితే ముందు ఆయిల్ మట్టం చూడాలి.

బేరింగు అనుమానమైతే జాకీ మీద చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. లొడలొడ ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు కదలిక ఆగిపోతే తప్పు బేరింగుదే; ఆగకపోతే బాల్ జాయింటు చూడాలి. ఎడమ మలుపుల తర్వాతే ఇబ్బంది వస్తుంటే, ఎక్కువ బరువు మోసే కుడి చక్రంతో మొదలుపెట్టండి.

దారిలోనే ఈ లక్షణం కనిపిస్తే వేగం తగ్గించి, తక్కువ గేరులో దిగండి. మలుపు దాటగానే, అవసరం రాకముందే, పెడల్‌ను ఒకసారి మెల్లగా తొక్కి చూసుకోండి. ఈ జాగ్రత్త ఘాట్ దిగి కిందికి చేరేవరకే. బేరింగు మార్చకుండా ఆ కారును మళ్లీ ఘాట్ ఎక్కించకండి.