వనసంచారికి తగిన మడతచాకు

వేసవిలో కొండకోనలు చూడబోవు యువకులును, ఏటియొడ్డున గాలము వేసి కూర్చుండువారును, తోటలలోను పొలము గట్ల వెంటను దినమెల్ల తిరుగు రైతులును తమ జేబులో నొక మడతచాకు ఉండవలెనని కోరుట సహజమే. కాని అంగడిలో దానిని ఎన్నుకొనునప్పుడు, రాబోవు పనిని తలచుకొనక, కంటికి కనబడు భీకరరూపమునకు లోబడి సొమ్ము వెచ్చించువారే ఎక్కువ. నల్లని పూత పూసి, వీపున రంపపు పండ్లు కోసి, పులిగోరువలె వంపు తీర్చిన దళసరి చాకు చూపులకు ఘనముగనే యుండును. అయినను దానితో జామపండును పలుచగా తరుగవలెనన్నను, తడిసిన నులకత్రాటిని ఒక్క లాగున తెంపవలెనన్నను చేయి నొచ్చునే గాని పని సాగదు. చిన్నదై, పలుచనై, విప్పినపుడు బిగిసి నిలుచునదై, కొన్నవాడు స్వయముగా సాన పట్టుకొనగలిగిన చాకే ఆరుబయటి పనులకు శ్రేష్ఠమని నా నిశ్చితాభిప్రాయము. అట్లనుటకు గల కారణములను ఇచ్చట కొంత విపులముగా చెప్పదలచితిని.

కత్తిని మడచి దాచుకొను నేర్పు చాల ప్రాచీనమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఫిట్జ్‌విలియం మ్యూజియములో క్రీస్తుశకము మూడవ శతాబ్దపు రోమను పరికర మొకటి యున్నది. వెండితో చేసిన ఆ చిన్న వస్తువులో చెంచా, ఫోర్కు, చాకు మున్నగునవి మడతలుగా నిమిడియున్నవి. ఇనుముతో చేసిన చాకు అలుగు మాత్రము తుప్పుతిని నశించినది. ఆనాటి వలెనే నేటికిని మడతచాకును తినివేయునది తుప్పు. దానిని చేతికి ద్రోహము చేయునట్లు మార్చునది వదులైన కీలు. కావున చాకును పరీక్షించువాడు మొదట చూడవలసినవి కీలును, ఉక్కునే గాని పై మెరుగులు కావు.

కొండకు పోయినవాడు చాకుతో చేయు పనులు ఏవనగా, త్రాడు కోయుట, పండ్లు కూరలు తరుగుట, పొట్లములు విప్పుట, వేపపుల్ల చివర చెక్కుట, గాయమునకు కట్టుగుడ్డ చింపుట, పట్టిన చేపను శుభ్రపరచుట. వానలో తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయవలసివచ్చినపుడు, కట్టె పైపొరను తీసివేసి లోని పొడి భాగమును సన్నని రేకులుగా చెక్కుట. వీనిలో దేనికిని మూడు, మూడున్నర అంగుళములకు మించిన అలుగు అక్కరలేదు. కొబ్బరిబొండము కొట్టుటయు, వంటచెరకు చీల్చుటయు, పొదలు నరకుటయు కొడవలికిని గొడ్డలికిని చెందిన పనులు. కీలు గల కత్తిని నిటారుగా నిలిపి పైనుండి రాతితో మోదినచో ఎంత గొప్ప కంపెనీ చాకైనను వదులు కాక తప్పదు.

ఇక కీలును గూర్చి. సామాన్యమైన జేబుచాకులో పిడి వీపున నొక ఉక్కు స్ప్రింగు ఉండి, అలుగు మొదలును గట్టిగ నొక్కి పట్టుటచే అది విప్పినచోట నిలుచును. కాని దానికి తాళము లేదు. కర్రలో గుచ్చుకొన్న మొనను వెనుకకు లాగునపుడో, అలుగు వీపుపై అనుకొనని ఒత్తిడి పడినపుడో, అది చటుక్కున మడచుకొని పిడి క్రింద నున్న వ్రేళ్ళను కోయును. ఈ ప్రమాదమును తొలగించుటకే తాళపు చాకులు పుట్టినవి. అమెరికాలో 1964వ సంవత్సరమున వెలువడి మిక్కిలి ప్రసిద్ధికెక్కిన బక్ 110 అను చాకులో పిడి వీపున నున్న మీట, అలుగు మొదటనున్న గాడిలో దిగబడి దానిని కదలనీయదు. మీటను వెనుకనుండి నొక్కినగాని చాకు మడవరాదు. మరికొన్నింటిలో పిడి లోపలి పలుచని లోహపు రేకు, అలుగు విప్పినంతనే ప్రక్కకు జరిగి దాని మొదటికి అడ్డుగా నిలుచును. ఈ రెండవ పద్ధతి ఒంటిచేత మూయుటకు సులభమే. కాని చౌకరకములలో ఆ రేకు మెత్తనిదై, కొన్నాళ్ళకే అరిగి జారును.

నాకు అన్నిటికన్న మనస్కరించిన తాళము ఫ్రాన్సు దేశపు ఒపినెల్ చాకునకు గలది. ఆల్ప్సు పర్వతప్రాంతమగు సవోయీ సీమలో, ఇనుప పనిముట్లు చేయు కుటుంబమున పుట్టిన జోసెఫ్ ఒపినెల్ అను యువకుడు 1890లో ఈ చాకును రూపొందించెను. 1897 నాటికి ఒకటి మొదలు పండ్రెండు వరకు సంఖ్యలతో పండ్రెండు పరిమాణములు ఏర్పడినవి. కొయ్యపిడి, దానిలో నొక చీలిక, ఒక అలుగు, ఒక చీల: నిర్మాణ మంతయు నింతియే. 1955లో మార్సెల్ ఒపినెల్ దీనికి ఉక్కు ఉంగరమును చేర్చెను. పిడి మెడపై నున్న ఆ చీలిక ఉంగరమును బొటనవ్రేలితో త్రిప్పినచో దాని నోరు ప్రక్కకు తొలగి, నిండు భాగము అలుగు మొదటికి అడ్డుపడును; అంతటితో చాకు మడచుకొన నేరదు. దాచియున్న మీట గాని, అరిగిపోవు రేకు గాని లేదు. బిగిసినదో లేదో కంటికి కనబడును. ఇట్టి సరళమైన యుక్తిని చూచినపుడు, పనివాని బుద్ధి పనిముట్టులో ఎట్లు నిలిచియుండునో మనకు బోధపడును. దోష మొకటి గలదు: వానలో నానినపుడు కొయ్య ఉబ్బి, అలుగు గోటికి రాక మొరాయించును. అప్పుడు సవోయీవాసులు పిడి మడమను బల్లపై ఒక దెబ్బ తట్టుదురు. అలుగు తనంతట కొంచెము వెలికి వచ్చును.

ఏ తాళమైనను అంగడిలోనే పరీక్షించుట మేలు. చాకును విప్పి, అలుగు మడచుకొను దారికి వ్రేళ్ళు అడ్డు రాకుండ పిడిని ఇరుప్రక్కలనే పట్టుకొని, అలుగు వీపును చెక్కబల్ల అంచుపై మొదట మెల్లగను, పిదప కొంత బలముగను నొక్కి చూడవలెను. మొనను రెండు వ్రేళ్ళతో పట్టి ఎడమకు కుడికి కదల్చినపుడు టకటకమను చలనము తెలియరాదు. మూసిన చాకును వెలుతురునకెత్తి చూచినచో అలుగు ఏ ప్రక్కను రాచుకొనక గాడి నడుమ నిలిచియుండవలెను. వర్తకుడు విసుగుకొన్నను ఈ మూడు పరీక్షలు మానరాదు.

ఉక్కు విషయమున ప్రకటనలు కొనువారిని ఎక్కువగ గందరగోళపెట్టుచున్నవి. ఉక్కునకు కాఠిన్యమిచ్చునది ప్రధానముగా కర్బనము. తుప్పును వారించునది క్రోమియము. క్రోమియము నూటికి 10.5 పాళ్ళకు తగ్గకుండ నున్న ఉక్కును స్టెయిన్‌లెస్ అందురు. చాకులలో అది సాధారణముగా 13 పాళ్ళకు అటు ఇటుగా నుండును. కర్బనపు ఉక్కు సానరాతిపై త్వరగా పదునెక్కి తీక్ష్ణమైన వాదరను నిలుపుకొనును. మన తెలంగాణములోని కోనసముద్రమునకు పూర్వము పారశీక వర్తకులు దూరాభారము లెక్కింపక వచ్చి మూసలలో కరగించిన ఉక్కును కొనుకొని పోయినది, కర్బనాధిక్యముచే దానికి గలిగిన ఆ గుణముకొరకే. కాని ఇట్టి చాకుతో మామిడికాయ కోసి తుడువక విడిచినచో, ఇనుప కత్తిపీట నల్లబడునట్లే అలుగు క్షణములలో నల్లబడును. ఆ నలుపు హాని చేయదు. ఎర్రని తుప్పే చేటు తెచ్చును. ఉప్పుగాలి వీచు కాకినాడ, విశాఖపట్టణముల వంటి తీరప్రదేశములలోను, చెమటతో తడియు జేబులోను కర్బనపు చాకును కాపాడుట శ్రమ. అనంతపురమువంటి పొడినేలలో అంత బాధ లేదు. దినదినము తుడిచి నూనె రాచు ఓపిక గలవారు దానినే కొనవచ్చును. తక్కినవారికి స్టెయిన్‌లెస్ ఉక్కే క్షేమకరము.

కాఠిన్యమును రాక్‌వెల్ సంఖ్యతో కొలుతురు. 55, 58ల నడుమనున్న ఉక్కు సామాన్యపు రాతిపై కొలది నిమిషములలో పదునెక్కును. 60 దాటిన ఉక్కులు చాలకాలము మొక్కవోవు, నిజమే. కాని ఒకసారి మొద్దుబారినపుడు వానికి వజ్రపుపొడి పలకలు కావలయును, ఓర్పు కావలయును, రాతికి తగిలినచో వాదర పెచ్చులూడు భయము కూడ కలదు. అధికమూల్యము చెల్లించి ఇట్టి చాకును కొని, సాన తెలియక మొద్దుకత్తితో కాలము గడపువారిని చూడగా నాకు జాలి కలుగును. మొద్దుకత్తి పదునైన దానికన్న ప్రమాదకరము. ఏలయనగా దానిపై ఎక్కువ బలము పెట్టవలసివచ్చుటచే, అది జారినపుడు అంతకంత లోతుగా కోయును.

ఉక్కు పేరుకన్న ఎక్కువ చూడదగినది అలుగు దళసరి. ఎనిమిదవ సంఖ్య ఒపినెల్ అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవే గాని రెండు మిల్లీమీటర్ల దళసరియైనను ఉండదు. వీపునుండి వాదర వరకు క్రమముగా సన్నగిల్లుచు పోవును. అందువలన అది పండులోను కట్టెలోను సులభముగ దిగును. నాలుగు మిల్లీమీటర్ల దళసరిగల చాకు, వాదర ఎంత పదునైనను, గట్టి కాయను కోయుటకు మారుగా రెండు చెక్కలుగా పగులగొట్టును. రంపపు పండ్ల వాదర త్రాళ్ళు కోయుటకు అనుకూలమైనను, ఇంటిరాతిపై సానకు లొంగదు గనుక సాదా వాదరయే మేలు.

పలుపనిముట్ల చాకును గూర్చి ఒకటి రెండు మాటలు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అను కత్తుల పనివాడు 1884లో కార్ఖానా స్థాపించి, 1891 నుండి ఆ దేశపు సైనికులకు చాకులు సమకూర్చెను. తుపాకిని విప్పుటకు స్క్రూడ్రైవరును, డబ్బాలు తెరచుటకు సాధనమును అందులో నుండెను. 1897లో ఆయన రెండే స్ప్రింగులపై ఆరు పనిముట్లను నిలిపిన తేలికపాటి చాకును వెలయించెను. నేడు విక్టోరినాక్స్ పేర లోకమెల్ల ఎరిగిన ఎర్రచాకునకు అదియే మూలము. కత్తెర, పట్టుకారు, డబ్బా తెరచు మొన ప్రయాణములో నిత్యము అక్కరకు వచ్చును; ఎర్రరంగు గడ్డిలో పడినను కనబడును. అయితే 91 మిల్లీమీటర్ల పొడవుగల సుపరిచిత రకమునకు తాళము లేదు, 111 మిల్లీమీటర్ల పెద్దరకమున నున్నది. కుటుంబముతో విహారమునకు పోవువారికి నేను ఎర్రచాకునే సూచింతును. కట్టె చెక్కువానికి ఉంగరపు చాకే తగును. పనిముట్లు పదిహేనిరువది దాటినకొలది పిడి లావై అరచేత ఇముడదు. కాలిబాటలపై అమ్ము ఎర్రచాకులలో నకళ్ళు మెండు. అలుగు మొదట చెక్కిన పేరును చదివి చూడుడు.

పిడి చెమటచేతికి జారని దైనచో చాలును. నున్నని లోహపు పిడి ఎండలో కాలును, చేపను పట్టిన చేతిలో నిలువదు.

చట్టమును గూర్చి తెలిసికొనక చాకు జేబున వేసికొనరాదు. మన దేశమున ఆయుధముల నిబంధనలు 9 అంగుళములకు మించిన పొడవు గాని 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగులను ఆయుధములలో చేర్చినవి; గృహ, వ్యవసాయాది కృత్యములకై చేసినవానికి మినహాయింపు కలదు. మన చిన్నచాకు ఆ కొలతకు ఎంతో లోబడియే యుండును. అయినను మీట నొక్కినంతనే స్ప్రింగుబలముచే తెరచుకొను చాకుల జోలికి పోకుడు; ఢిల్లీవంటి చోట్ల వానిపై వేరుగ నిషేధము గలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 'ఆయుధము' అను పదమున కత్తులను కూడ చేర్చినది గాన, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక అభయారణ్యములోనికి చాకుతో ప్రవేశింపరాదు. నల్లమలలోని శ్రీశైలము పులుల అడవులకు పోవువారు దీనిని ముఖ్యముగ గమనింపవలెను. విమానమున చాకును చేతిసంచిలో నుంచుకొనరాదు. బ్రిటనులో నివసించు మన తెలుగువారు మరియొకటి తెలిసికొనవలెను: అచ్చట కారణము చూపక వెంట నుంచుకొనదగినది 3 అంగుళముల లోపు వాదర గలిగి, తాళము లేని మడతచాకు మాత్రమే. క్షేమము కొరకు తాళము కోరిన మనము, ఆ దేశములో దానిని విడువవలసియుండును.

తెచ్చుకొన్న చాకులో ఇసుక చేరినచో మంచినీటితో కడిగి, పూర్తిగ ఆరనిచ్చి, కీలులో కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయవలెను. వంటనూనెలు కొన్నాళ్ళకు జిగురు కట్టును. సాన పట్టునపుడు రాతిని నీటితో తడిపి, అలుగు వీపును రాతినుండి సుమారు 20 డిగ్రీలు ఎత్తి, పలుచని పొరను కోయునట్లు వాదరను ముందుకు నడుపుచు, ఇరుప్రక్కల సమముగ రాయవలెను. పదునెక్కినదో లేదో తెలియుటకు వాదరను దీపమునకు ఎదురుగ పట్టి చూడుడు: మొద్దుబారినచోట తెల్లని గీత మెరయును, పదునైనచోట ఏమియు కనబడదు. ఆ తెల్లగీత మాయమగువరకు రాతిని విడువకుడు. చాకునకై కూడబెట్టిన సొమ్మంతయు చాకునకే వెచ్చింపక, అందులో కొంత మిగిల్చి అదేనాడు రెండు ముఖముల సానరాతి నొకదానిని కొనవలసినదిగా పాఠకులను కోరుచున్నాను.