మలుపులో ‘టక టక’... ఏ కీలుకు జబ్బు?

గుడివాడ: నూర్పిళ్లు ముగిసిన కళ్లంలో ఓ పాత మారుతి కారు గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది. డ్రైవరు స్టీరింగును ఎడమకు తిప్పగలిగినంత తిప్పి పట్టుకుని మెల్లగా నడుపుతున్నాడు. మధ్యలో గొంతుకు కూర్చున్న ముసలి మెకానిక్కు పిల్లలను కేకలేసి, చెవి అటు పెట్టాడు. ‘టిక్... టిక్... టిక్.’ వేగం కాస్త పెంచమన్నాడు. చప్పుడూ జోరందుకుంది. కుడివైపుకు తిప్పి నడిపితే దాదాపు వినబడలేదు.

“కుడి చక్రం యాక్సిల్ జాయింటు పోయిందిరా అబ్బాయ్” అన్నాడు.

అది అద్దె కారు. దానిమీదే ఓ కుటుంబం బతుకుతోంది. రెండు నెలలుగా మలుపు తిరిగినప్పుడల్లా చప్పుడు వస్తుంటే ఒక షెడ్డులో షాకబ్జర్లు మార్చారు. ఇంకో షెడ్డులో లింకు రాడ్లు మార్చారు. వేలు ఖర్చయ్యాయి గాని చప్పుడు మాత్రం పోలేదు. కారణం ఒక్కటే. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందని ఎవరూ అడగలేదు, కారును తిప్పి వినలేదు.

ఇప్పుడు పల్లెల్లో సెకండ్ హ్యాండు కారు లేని వీధి అరుదు. దమ్ము చక్రాల ట్రాక్టర్లు చీల్చిన రోడ్లమీద, కాలువ గట్ల గుంతల్లో నడిచే బండికి ముందు చక్రాల కీళ్లు అరగడం వింత కాదు. ఏ కీలు అరిగిందో చప్పుడే చెబుతుంది, వినే ఓపిక ఉండాలి.

ముందు డిక్కీ చూడండి

నవ్వులాట కాదు. జాకీ, పానాలు, స్టెప్నీ వదులుగా ఉంటే మలుపులో అటూ ఇటూ దొర్లి అచ్చం కీలు విరిగినట్లే మోగుతాయి. తర్వాత చక్రం నట్లు. ఈ మధ్య పంక్చరు వేయించి ఉంటే అన్నిటికన్నా ముందు వాటినే బిగించి చూడాలి. వదులు నట్లతో వెళితే చక్రమే ఊడిపోతుంది.

ఆరు గుండ్ల కీలు

అంబాసిడరులో ఇంజను వెనుక చక్రాలను తిప్పేది. ముందు చక్రాలకు మలుపు తిరగడమే పని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, లాగడం, తిరగడం రెండూ ముందు చక్రాలమీదే పడ్డ కార్లు పల్లెలకూ చేరాయి. ఆ చక్రం ఎటు తిరిగినా ఇంజను బలం ఆగకుండా అందించేది యాక్సిల్ చివరి జాయింటు. లోపల గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు, చుట్టూ గ్రీజు, పైన మడతల రబ్బరు బూటు ఉంటాయి.

బూటు చిరిగితే చక్రం తిరిగే విసురుకు గ్రీజు బయటకు చిమ్ముతుంది, దుమ్మూ బురదా లోపలికి పోతాయి. గాడులు గుంటలు పడి, మలుపులో ‘టిక్ టిక్’ మొదలవుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు ఎక్కువైతే సాధారణంగా తప్పు కుడి చక్రానిది, కుడికైతే ఎడమ చక్రానిది. చక్రం లోపలి అంచుకు నల్లగా గ్రీజు అంటి ఉంటే అదే సాక్ష్యం. చప్పుడు రాకముందే చిరుగు కనబడితే బూటు, గ్రీజు మార్చితే సరిపోతుంది. అందుకే సర్వీసుకు వెళ్లినప్పుడల్లా ఆ బూటు చూపించమని అడగాలి.

కదలకుండానే మోగితే

బండి నిలిచి ఉండగా స్టీరింగు తిప్పితే ‘ఠక్’మని స్ప్రింగు ఎగిరిపడ్డట్టు వస్తే యాక్సిల్ జోలికి పోనక్కరలేదు. షాకబ్జరు నెత్తిమీది మౌంటింగు బేరింగు పట్టేసి ఉండవచ్చు. బానెట్ ఎత్తి, ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మరొకరు ఆ మౌంటింగు పైన చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుంది. ఫ్యాను దగ్గరకు మాత్రం చెయ్యి పోనివ్వరాదు. అదురు కాళ్ల దగ్గర, పెడళ్ల వైపు తెలిస్తే స్టీరింగు రాడ్డు జాయింటును చూడాలి. బ్రేకు కాస్త నొక్కగానే ఆగిపోయే చప్పుడు బ్రేకు ప్యాడ్లది. చిన్న చిన్న గుంతల్లో ‘కట కట’మంటే లింకు రాడ్లు, బుష్షులు.

ఇంటికి కూడా నడపకూడనిది

భయపడవలసింది టై రాడ్ ఎండుకు, బాల్ జాయింటుకు. మలుపులోనూ గుంతలోనూ ‘దడ్’మని బరువైన దెబ్బ వినిపిస్తుంది, స్టీరింగు వదులవుతుంది, బండి ఒకపక్కకు లాగుతుంది. బాల్ జాయింటు ఊడితే చక్రం బండి కిందికి వాలిపోతుంది. టై రాడ్ ఊడితే ఆ చక్రం స్టీరింగు మాట వినదు. ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు అలా జరిగితే డ్రైవరు చేయగలిగింది ఏమీ ఉండదు.

పరీక్ష కష్టం కాదు. చదును నేలమీద హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపాలి. బండి కింద దూరరాదు. జాకీని నమ్మి దూరినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్న చోట చక్రాన్ని పట్టి ఊపితే లొడలొడలాడితే అనుమానం టై రాడ్ మీద. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే బాల్ జాయింటుదో, చక్రం బేరింగుదో. అప్పుడు ఒకరు బ్రేకు తొక్కాలి. ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. రెంటిలో ఏదైనా బండిని అక్కడే ఆపి మెకానిక్కును పిలిపించుకోవాలి. టై రాడ్ మార్చాక అలైన్‌మెంటు చేయించకపోతే కొత్త టైర్లు కూడా ఒకవైపే అరిగిపోతాయి.

షాకబ్జర్లు మార్చమనడం కొందరు మెకానిక్కులకు అలవాటుగా మారింది. అన్ని చప్పుళ్లకూ అదే మందు కాదు. మార్చిన పాత సామాను ఇమ్మని అడగడం యజమాని హక్కు. చేత్తో పట్టి ఊపితే అది అరిగిందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

కళ్లంలో తిరిగిన కారుకు విజయవాడ ఆటోనగర్ నుంచి జాయింటు తెప్పించి, కొత్త బూటుతో బిగించేసరికి పొద్దు వాలింది. డ్రైవరు మళ్లీ ఎడమకు ఓ చుట్టు, కుడికి ఓ చుట్టు తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. తెల్లవారుజామున డయాలసిస్‌కు వెళ్లవలసిన ముసలాయనను ఎక్కించుకోవాలని, డబ్బులిచ్చి అక్కడినుంచే బయలుదేరాడు.