పాత కంప్యూటర్‌కు వేగం ఎలా వస్తుంది?

ఇంట్లోని పాత కంప్యూటర్ ఆన్ కావడానికే నిమిషాలు పడుతుంటే, తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. అందులో అయస్కాంత పూత ఉన్న పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. సమాచారం ఉన్న చోటికి ఓ సన్నని చేయి కదిలి వెళ్లాలి. ఒక్కో వెతుకులాటకు సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి ఆ ఆలస్యమంతా పోగవుతుంది. దాని స్థానంలో పెట్టుకోగల ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. సమాచారం చిప్‌ల నుంచి నేరుగా అందుతుంది. అందుకే ముందుగా మార్చాల్సింది హార్డ్ డిస్క్‌నే.

తర్వాతిది ర్యామ్. అది నిండితే కంప్యూటర్ కొంత సమాచారాన్ని డిస్క్‌లోకి నెడుతుంది, పని నత్తనడక నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ తరచూ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచడం మేలు. అయితే ర్యామ్‌లో రకాలున్నాయి: డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, గాడి ఉండే చోటే వేరు. అందుకే కొనేముందు మదర్‌బోర్డు మోడల్ నంబరు రాసుకుని, అది ఏ రకాన్ని, ఎన్ని జీబీల వరకు తీసుకుంటుందో చూడాలి. రంగుల దీపాలున్న ర్యామ్ అందంగానే ఉంటుంది, దీపాలతో వేగం మాత్రం రాదు.

గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే పవర్ సప్లై ఎన్ని వాట్లదో, క్యాబినెట్‌లో చోటుందో తెలియాలి. ప్రాసెసర్ సంగతి వేరు: సాకెట్ కుదరకపోతే మదర్‌బోర్డు, ఒక్కోసారి ర్యామ్ కూడా మార్చాలి. ఆ ఖర్చు పెట్టేముందు కొత్త కంప్యూటర్ ధర కూడా అడిగి చూడడం మంచిది.