పరిశుద్ధ గ్రంథపు మొక్కలు – మన ఇంటి ముంగిలి



1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన పల్లె సంఘాల బిడ్డలు అనేకులు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడ్డారు. గృహప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్ళినప్పుడు కొందరు మమ్మల్ని, "అయ్యగారూ, ఇంటిముందు ఒలీవ చెట్టు పెట్టుకుందామా?" అని అడుగుతుంటారు. కోరిక మంచిదే. అయితే డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక్క సంగతి ఆలోచించాలి.

యేసుప్రభువు సంచరించిన దేశము మధ్యధరా సముద్రతీరాన ఉంది. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి. ఎండాకాలంలో దాదాపు చినుకు పడదు. మనకు అందుకు తలక్రిందులు. హైదరాబాదులో ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే పడుతుంది. పొడి వేసవికి అలవాటుపడిన లావెండర్ వంటి మొక్కల వేళ్ళు మన ముసురుకు కుళ్ళిపోతాయి. ఒలీవ పూయాలంటే బాగా చలి తగలాలి. మన చలి దానికి చాలదు. ఆకు పచ్చగా ఉన్నా కాయల మీద ఆశ పెట్టుకోకూడదు.

అయితే నిరాశపడనక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములోని దానిమ్మ, అంజూరము మన దగ్గర చక్కగా పెరుగుతాయి. గలిలయ వాగుల వెంబడి పూచే గన్నేరు మన వీధులలోనూ ఉన్నదే. కాని జాగ్రత్త! గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. చంటిపిల్లలు, పశువులు తిరిగేచోట వద్దు. ఇక తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, నందివర్ధనం, కాగితపు పూలు ఉండనే ఉన్నాయి. ఇవి వేళ్ళూనుకున్న తరువాత కొద్ది నీటితోనే బ్రతుకుతాయి. వేసవిలో ట్యాంకరు నీళ్ళు కొనుక్కొనే ప్రాంతంలో ఇది చిన్న మేలు కాదు.

మాదాపూరు వైపు క్రింద బండ, పైన పలచని మట్టి. కట్టడపు పెళ్ళలు కూడా అందులో కలిసి ఉంటాయి. కనుక 2 అడుగుల గుంట తవ్వి, పెళ్ళలు ఏరివేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. తొలకరి పడిన తరువాత నాటండి. కుండీ అయితే అడుగున రంధ్రము తప్పనిసరి. మొదటి వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పండి. ఏ చెట్టు ఎంత ఎదుగుతుందో కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళి చూసి, ఆ తరువాతే కొనండి.

ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులారా, పట్నం వెళ్ళేటప్పుడు పచ్చళ్ళతో పాటు ఒక మల్లె అంటు, ఒక నందివర్ధనం కొమ్మ తీసుకువెళ్ళండి.

ఐగుప్తులో పొలానికి మనుష్యులే కష్టపడి నీళ్ళు కట్టేవారనీ, వాగ్దాన దేశమైతే ఆకాశపు వాన త్రాగుతుందనీ మోషే ప్రజలకు గుర్తుచేశాడు (ద్వితీ. 11:10-12). దేవుడు ఆ దేశానికి దాని వాన ఇచ్చినట్టే మన దేశానికి మన వాన ఇచ్చాడు. దానికి తగిన మొక్కను నాటితే ఆయన ఇచ్చినదానిని మనము కృతజ్ఞతతో అందుకొన్నట్టే.