అదే 777, కానీ అదే విమానం కాదు

మా అమ్మ ఒక్కతే హైదరాబాదు నుంచి షికాగో రావాల్సి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: "మధ్యలో దిగకుండా వచ్చేది ఏదీ లేదా నాన్నా?"

2021 జనవరిలో ఎయిర్ ఇండియా అలాంటి సర్వీసు మొదలుపెట్టింది. ఎక్కువ కాలం సాగలేదు. కాబట్టి మళ్ళీ దుబాయే గతి. తమాషా ఏమిటంటే అప్పుడు ఆగకుండా వచ్చినదీ బోయింగ్ 777యే, దుబాయ్ నుంచి ఎమిరేట్స్ నడిపేదీ 777యే. మరి ఆ రెండోది హైదరాబాదు నుంచి నేరుగా ఎందుకు రాకూడదు?

మన భాషలో చెప్పాలంటే 777 అన్నది ప్రాడక్టు పేరు మాత్రమే. అసలు సంగతి దాని వెనకాల ఉండే వర్షన్ నంబరులో ఉంది. 1995లో వచ్చిన మొదటి రిలీజు 777-200. అది 247 టన్నుల బరువుతో ఎగరగలిగేది. రెండేళ్ళకి అదే ఒడ్డూ పొడుగూ ఉంచి, ఇంధనం ఎక్కువ పట్టేలా, బరువు ఎక్కువ మోసేలా చేసి 200ఈఆర్ తెచ్చారు. దాని పరిధి సుమారు 13,000 కిలోమీటర్లు.

తర్వాత వచ్చిన రెండూ అన్నదమ్ములు. 2004లో 300ఈఆర్, 2006లో 200ఎల్ఆర్. రెండింటికీ అవే జీఈ-90 ఇంజన్లు, అవే పొడుగు రెక్కలు. తేడా అంతా ఒంట్లోనే. 300ఈఆర్ దాదాపు 74 మీటర్ల పొడుగు, 200ఎల్ఆర్ 64 మీటర్ల లోపే. అంటే పెద్దవాడి కండలు పొట్టివాడికి తగిలించారన్నమాట. ఫలితంగా 300ఈఆర్ పరిధి 13,650 కిలోమీటర్లయితే, పొట్టివాడిది 15,800 దాటింది. 2005 నవంబరులో రికార్డు కోసం హాంగ్‌కాంగ్ నుంచి పసిఫిక్, అట్లాంటిక్ మీదుగా చుట్టూ తిప్పి లండన్‌కి తీసుకొస్తే, 22 గంటల 42 నిమిషాలు గాల్లోనే ఉంది!

ఇక మన లెక్క. హైదరాబాదు నుంచి షికాగో దగ్గర దారిలో సుమారు 13,300 కిలోమీటర్లు. "300ఈఆర్‌కి సరిపోయిందిగా" అంటారేమో. బ్రోషరులో రాసే పరిధి ఎదురుగాలి లేనప్పటిది, కింద సరుకేమీ వేయనప్పటిది. శీతాకాలపు ఎదురుగాలి, చుట్టుదారి కలుపుకుంటే మిగిలేదేమీ లేదు. సీట్లు ఖాళీగా ఉంచి పంపాలి. అదే దుబాయ్ నుంచి షికాగో 11,650 కిలోమీటర్లే. నిండుగా ఎక్కించుకుని హాయిగా వస్తుంది.

అలాగైతే అందరూ 200ఎల్ఆరే కొనుక్కోవచ్చుగా? ఇక్కడే ఉంది మెలిక. ఖాళీ 200ఎల్ఆర్ బరువు సుమారు 145 టన్నులు. మామూలు ట్యాంకులు నింపితే పట్టే ఇంధనమూ ఇంచుమించు 145 టన్నులే! పదిహేనో గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి, ఆ మోతకి మళ్ళీ ఇంధనం కాల్చాలి. దారి పెరిగేకొద్దీ ప్రతి కిలోమీటరూ ఖరీదే. ఆ ఖర్చు పంచుకోవడానికి ఎయిర్ ఇండియా విమానంలో ఉన్నవి 238 సీట్లు. ఎమిరేట్స్ 300ఈఆర్‌లో 350 దాకా ఉంటాయి. మార్కెట్ తీర్పు కూడా అలాగే వచ్చింది. పొడుగువి ఎనిమిది వందలకు పైగా అమ్ముడుపోతే, పొట్టివి అరవై చిల్లర. అయితే ఆ డిజైను వృథా కాలేదు. దాని నుంచి పుట్టిన సరుకు విమానం 777ఎఫ్ 2009 నుంచి బ్రహ్మాండంగా అమ్ముడైంది. బరువు మోసే గుణం మనుషుల కన్నా పెట్టెలకి ఎక్కువ పనికొచ్చిందన్నమాట.

బయటినుంచి గుర్తుపట్టడం తేలికే. పక్కన అయిదు తలుపులుంటే 300, నాలుగుంటే 200. నాలుగు తలుపులుండి రెక్క చివర వెనక్కి వాలి సన్నగా ముగిస్తే 200ఎల్ఆర్. మొండిగా తెగితే పాత 200 లేక 200ఈఆర్.

ఈమధ్య వచ్చిన 787-9, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి కార్బన్ ఫైబర్ ఒళ్ళుతో తేలికై, తక్కువ ఇంధనంతో ఇంత దూరమూ వెళ్తున్నాయి. 2018 నుంచి సింగపూర్, న్యూయార్క్ మధ్య ఆగకుండా తిరుగుతున్నది ఏ350 రకమే. హైదరాబాదుకి ఆ యోగం ఎప్పుడో.

ఇవన్నీ అమ్మకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఈసారీ దుబాయేనా?" అంది. నడవగలదు గానీ, ఇంగ్లీషు రాదు కాబట్టి వీల్‌చైర్ అడిగి పెట్టాను. మధ్యలో మూడున్నర గంటలు.